ఆపితే షాక్ కొట్టిన రేడియో

మా బావగారు ఆ రేడియో కొన్న రోజే నాకు వాట్సాప్‌లో ఫొటో పంపారు. "ఎలా ఉందయ్యా? మన కాలం సరుకు!" అని కింద రాశారు. సామర్లకోటలో ముప్పై ఏళ్ళు రేడియోలు బాగుచేసి బతికినవాణ్ణి. చూడగానే ప్రాణం లేచొచ్చింది. వాల్వుల సెట్టు, టేకు పెట్టె, తళతళలాడే పాలిష్. ముందు రెండు నాబులు. మామూలుగా ఉండే నల్ల బేక్‌లైట్‌వి కావు, ఇత్తడివి. ఫొటోని పెద్దది చేసి మరీ చూశాను. ఇవెవరు తగిలించారబ్బా అనుకున్నాను. వెళ్ళినప్పుడు చూద్దాంలే అని, "చాలా బాగుందండి" అని జవాబిచ్చి ఊరుకున్నాను.

రెండు వారాలు తిరక్కుండానే భీమవరం నుంచి అక్క ఫోన్ చేసింది. వాళ్ళింట్లో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్న ఆవిడకి ఆ రేడియో షాక్ కొట్టిందట. చెయ్యి నాబుకి అతుక్కుపోయిందట. ఆవిడ కేక విని అక్కే పరిగెత్తుకొచ్చి గోడ మీద స్విచ్ ఆపేసిందట. "ఇంకో నిమిషం ఆలస్యమైతే మనిషి దక్కేది కాదురా" అని ఏడ్చింది.

దొరికిన రైలెక్కి వెళ్ళాను. ఆస్పత్రిలో ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కుడిచేతికి మణికట్టు దాకా కట్టు. బొటనవేలూ, పక్క రెండు వేళ్ళూ బాగా కాలాయని డాక్టరు చెప్పాడు. చూడ్డానికి వచ్చిన చుట్టాలతో బావగారు వరండాలో ఒకే మాట అంటున్నారు. "తడిగుడ్డతో కరెంటు వస్తువు తుడిస్తే ఏమవుతుందండీ? ఎన్నిసార్లు చెప్పినా వీళ్ళకి బుర్రకెక్కదు."

ఆ మాట లోపలికి వినబడుతూనే ఉంది. ఆవిడ నా వైపు చూసి మెల్లగా చెప్పింది. "నేను ఆపేనండి బాబుగారూ. పాటలొత్తన్నాయండి. తుడుద్దామని నాబు తిప్పి ఆపేను. ఆపేకే పట్టేసిందండి. ఎవరూ నమ్మట్లేదు."

బావగారు గుమ్మంలోంచి నవ్వారు. "ఆపాక షాకేంటే? పాటలు వినేటప్పుడు రోజూ నేను ముట్టుకుంటూనే ఉన్నాను. నాకేం కాలేదే?"

ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకోగానే నాకు విషయం అర్థమైపోయింది. ఒళ్ళు మండిపోయింది. అక్కడ ఏమీ అనకుండా బావగార్ని వెంటబెట్టుకుని ఇంటికి వెళ్ళాను.

పాత సెట్లు కొన్నిటిలో గోడ కరెంటుని సెట్టు నుంచి విడదీసే ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. గోడలోంచి వచ్చే రెండు తీగల్లో ఒకటి స్విచ్ మీదుగా నేరుగా లోపలి ఇనుప చట్రానికే వెళ్తుంది. నాబు తొడిగే కడ్డీ కూడా ఆ చట్రానిదే. అందుకే తయారుచేసినవాళ్ళు దాన్ని చెక్క పెట్టెలో మూసి, వెనక అట్ట బిగించి, కరెంటు పారని బేక్‌లైట్ నాబులు పెట్టేవాళ్ళు. నాబుని పట్టి ఉంచే చిన్న మర మీద కూడా మైనం పోసేవాళ్ళు. మనిషి వేలు ఎక్కడా ఇనుముకి తగలకూడదని అంత జాగ్రత్త. ఆ జాగ్రత్తనంతా ఎవడో పీకేసి, అందంగా ఉంటుందని ఇత్తడి తొడిగాడు.

రబ్బరు చెప్పులు వేసుకుని, రేడియో పెట్టి, ఇత్తడి నాబు మీద టెస్టర్ ఆనించాను. వెలగలేదు.

"చూశావా? నేను చెప్పలేదూ!" అన్నారు బావగారు.

పొడిగుడ్డ మడిచి దానితో నాబు తిప్పాను. టక్కుమని రేడియో ఆగింది. మళ్ళీ టెస్టర్ పెట్టాను. ఎర్రగా వెలిగింది.

ప్లగ్గు పీకి, రెండు పిన్నులూ తారుమారు చేసి గుచ్చాను. ఈసారి రేడియో మోగుతుంటే టెస్టర్ వెలిగింది, ఆపితే ఆరింది.

"నాబుతో ఆపితే ఒక తీగే తెగుతుంది, రెండో తీగలో కరెంటుంటే అది వాల్వుల గుండా చట్రంలోకి వస్తుంది. ఒకవైపు గుచ్చితే ఆపినప్పుడు చంపుతుంది. తిప్పి గుచ్చితే మోగుతున్నప్పుడు చంపుతుంది. మీరు సోఫా పక్కనున్న గోడ స్విచ్‌తో ఆపుతారు కాబట్టి బతికారు. ఆవిడ జాగ్రత్తపడి నాబుతో ఆపింది కాబట్టి కాలింది" అన్నాను.

ఆయన మళ్ళీ "అయినా ఆ తడిగుడ్డ..." అని మొదలుపెట్టారు.

నలభై ఏళ్ళలో ఆయన ముందు నేను గొంతెత్తి ఎరగను. ఆ రోజు ఎత్తాను. "ఇంకొక్కసారి తడిగుడ్డ మాటెత్తకండి బావగారూ! మీ సంబరానికి ఇంట్లో చావు తెచ్చి పెట్టింది మీరు. ఫొటోలో ఇత్తడి నాబులు చూసి కూడా బాగుందండీ అన్నది నేను. ఇందులో ఆవిడ తప్పేముంది?"

అక్క వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది. ఎవరినీ వారించలేదు.

మర్నాడు ఆ రేడియోని గోనెపట్టాలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని బావగారు దాన్ని కొన్న రాజమండ్రి దుకాణానికి బయల్దేరాను. దారి పొడుగునా కోపమే. సగం ఆ దుకాణదారు మీద, సగం నా మీద. ఒక్క ఫోన్ చేసి, ఆ ప్లగ్గు పీకెయ్యండి అని చెప్పడానికి నాకు అర నిమిషం పట్టేది.

దుకాణం నిండా పాత గడియారాలు, కెమెరాలు, గ్రామఫోన్లు. యజమానికి ముప్పై అయిదేళ్ళుంటాయి, మర్యాదస్థుడే.

"ఆయ్, కూర్చోండి మాస్టారూ. ఏం కావాలండి?"

"ఈ ఇత్తడి నాబులు ఎవరు పెట్టారు?"

"మేమేనండి. పాతవి పగిలిపోయాయండి. ఇవైతే లుక్ బాగుంటుంది."

"వెనక అట్ట ఏదీ?"

"చెదపురుగు తినేసిందండి. అయినా లోపల లైట్లు కనబడితేనే కస్టమర్లకి ఇష్టమండి."

జరిగింది చెప్పాను. కాలిన మూడు వేళ్ళ సంగతీ చెప్పాను. అతను అయ్యో అని తలూపి, "పాత సెట్లు కదండీ, కొంచెం జిల్లుమంటాయండి. అది మామూలేనండి" అన్నాడు.

మామూలే అన్నాడు! మధ్యలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, బేక్‌లైట్ నాబులు తొడిగి, వెనక మూస్తే తీరిపోయే దానికి ఒక మనిషి చెయ్యి పోయింది. అతనికది మామూలు. అరల్లో అలాంటివే ఇంకో మూడు సెట్లున్నాయి, అన్నిటికీ ఇత్తడి నాబులే. ఒక్కొక్కదాని ప్లగ్గూ పీకి, సంచిలోంచి కటింగ్ ప్లేయర్ తీసి, వైర్లు మొదలంటా కత్తిరించేశాను.

"ఏంటండీ ఇది! పోలీసుల్ని పిలుస్తాను!" అని అరిచాడు.

"పిలవండి. వాళ్ళ ఎదురుగానే టెస్టర్ పెట్టి చూపిస్తాను. ఇలాంటివి ఎంతమందికి అమ్మారో వాళ్ళకే చెబుదురుగాని."

ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు గానీ పిలవలేదు. కొన్నవాళ్ళ నంబర్లు తన దగ్గర ఉన్నాయని ఒప్పుకున్నాడు. నేను కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అయిదుగురికి నా ఎదుటే ఫోన్ చేసి ప్లగ్గులు పీకించాడు. ఆరో ఆయన ఫోన్ ఎత్తలేదు. సాయంత్రానికి మళ్ళీ చేస్తానన్నాడు. చేశాడో లేదో నాకు తెలియదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ తిన్నది ఒంటికి పట్టదు.

ఆవిడ ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక వెళ్ళి, టెస్టర్ సంగతంతా చెప్పాను. ఆపాకే కొట్టిందన్న మాట నిజమేనని చెప్పాను. ఆవిడ కట్టు వైపు చూసుకుంది. "మా పేటలో అందరూ నాదే తప్పంటన్నారండి. మా ఆయన కూడానండి. మీరు చెప్తే ఏం లాభమండి? అయ్యగారు చెప్పాలి" అంది.

బావగారిని ఒప్పించడానికి నాలుగు రోజులు పట్టింది. అక్క ఆయనతో మాట్లాడటం మానేశాకే కదిలారు. వీధిలో వాళ్ళంతా చూస్తుండగా ఆవిడ ఇంటి ముందు నిలబడి, "నువ్వు ఆపావమ్మా. తప్పు నాదే. పనిలోకి వచ్చెయ్" అన్నారు.

ఆవిడ బయటికొచ్చి విన్నది. "మొదటి మాట చాలండి. పనికి మాత్రం రానండి" అంది.

కట్టు విప్పాక బొటనవేలు వంగలేదు. చీపురు పట్టు దొరకదు, గిన్నె జారిపోతుంది. ఇప్పుడు టిఫిన్ బండి దగ్గర ఎడంచేత్తో పొట్లాలు కడుతోంది.