పక్కింట్లో కరెంటు ఉందా?

సైన్సు పరీక్షను కాగితం మీద కాకుండా ట్యాబ్ మీద పెట్టడం నా ఉద్యోగం. పిల్లలు జవాబు రాయరు, తెర మీద కనిపించే వస్తువులను వేలితో కదిపి, చేసి చూపిస్తారు. ఏది ముందు ముట్టుకున్నారో, ఎక్కడ ఆగారో యంత్రం లోపల్లోపలే గమనిస్తుంది. నేను రాయచూరు బజారులో దుకాణం నడిపే ఇంట్లో పుట్టి, ఇప్పుడు బెంగళూరు ఆఫీసులో కూర్చుంటున్నవాణ్ణి. మా జిల్లాలో ఒక బడిలో ఈ పరీక్షను ముందుగా పెట్టి చూడాలనుకున్నప్పుడు, అక్కడి భాష వచ్చని నన్నే పొమ్మన్నారు.

నేను తయారుచేసిన వాటిలో ఒక ప్రశ్న అంటే నాకు ప్రాణం. తెర మీద ఒక ఇల్లు. గదిలో బల్బు వెలగదు. ఎందుకు వెలగడం లేదో కనిపెట్టి వెలిగించాలి. అసలు సంగతి, ఒకచోట వైరు తెగి ఉంటుంది, దాన్ని కలిపితే చాలు. మొదట దీన్ని ఒక బ్యాటరీ, రెండు తీగలతో గీశాను. మా పై అధికారి చూసి, పల్లె పిల్లల జీవితానికి దగ్గరగా లేదని పెదవి విరిచాడు. సరేనని బ్యాటరీ తీసేసి ఇల్లు కట్టాను. మీటరు పెట్టాను, స్విచ్చు పెట్టాను, అందంగా ఉంటుందని ఒక మెయిన్ స్విచ్ కూడా గోడకు తగిలించాను. మరీ అంత దగ్గరగా పోతే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలియదు.

కల్లూరు దాటి లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్ళో ప్రభుత్వ బడి అది. ఎనిమిదో తరగతి. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. నా వెంట ఒక పెద్ద పెట్టె ఉంది. అందులో ట్యాబులతో పాటు మైక్రోస్కోపు, అయస్కాంతాలు, బల్బులు, వైర్లు. పరీక్ష బాగా జరిగిందని యంత్రం తేల్చి, ఫలితాలు లెక్కకు వస్తే ఆ పెట్టె ఆ బడికే ఉండిపోతుంది. రాకపోతే ఇంకో బడికి పోతుంది. ఇది మా ఆఫీసు పెట్టిన షరతు.

సైన్సు చెప్పే టీచరమ్మ పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"ఇన్నేండ్ల సంది బోర్డు మీదనే బల్బు గీస్తున్న సార్. నా బల్బు ఒక్కనాడు గూడ ఎలగలే. ఈ పెట్టె మా బడిలనే ఉండాలె," అంది.

ముందు బెంచీలో ఒక పొడుగాటి పిల్ల ఉండేది. మైక్రోస్కోపులో ఉల్లిపొర చూసి, కన్ను తియ్యకుండా అడిగింది. "ఇది ఈడనే ఉంటదా సార్?" పరీక్ష బాగా చేస్తే ఉంటుందన్నాను. సరేనని తలూపింది గానీ కన్ను మాత్రం తియ్యలేదు.

పరీక్ష మొదలైంది. తెర మీద బల్బు వెలగలేదు. పిల్లలంతా స్విచ్చు నొక్కి చూశారు. తర్వాత ట్యాబులు ఒళ్ళో పెట్టుకుని, చేతులు కట్టుకుని, కబుర్లలో పడ్డారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏంది, ఏం చేస్తలేరు?" అన్నాను.

"కరెంట్ పోయింది సార్," అంది ఆ పొడుగాటి పిల్ల. "వస్తది."

"రాదమ్మా. వైర్లు పట్టుకొని చూడండి."

తరగతి మొత్తం నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. నేనేదో పిల్లల్ని చంపడానికే బెంగళూరు నుంచి దిగినట్టు చూశారు.

"కరెంట్ పోయినప్పుడు వైర్లు ముట్టొద్దు సార్. ఎప్పుడొస్తదో తెల్వదు. మా నాయన సంపుతడు."

సాయంత్రానికి యంత్రం తీర్పు చెప్పింది. ఈ తరగతికి సైన్సు మీద ఆసక్తి లేదు. ఫలితాలు లెక్కకు రావు. నేను పై అధికారికి ఫోన్ చేసి, తప్పు పిల్లలది కాదు, ప్రశ్నది అని గొడవపడ్డాను. ప్రశ్నను సరిచేసి మళ్ళీ పెట్టుకోమన్నాడు.

సరిచేయడానికి స్టాఫ్ రూములో కూర్చున్నాను. ఇంటి మీద "ఈ ఇంట్లో కరెంటు ఉంది" అని రాశాను. పిల్లలు దాన్ని మర్యాదగా చదివి, మళ్ళీ చేతులు కట్టుకున్నారు. "రాస్తరు సార్. బోర్లకు త్రీఫేజ్ ఇడిసే టైము గూడ రాస్తరు. రాసినట్ల వస్తదా?" అన్నారు. మాటలతో కాదని, తెర మీది ఇంట్లో పక్క గదిలో ఒక ఫ్యాను పెట్టి తిప్పాను. వాళ్ళు ఫ్యానును శ్రద్ధగా చూశారు. "లో ఓల్టేజ్ సార్. గిట్ల తిరిగితే బల్బు యాడ ఎలుగుతది?" అన్నారు. ఒక మధ్యాహ్నమంతా నేనూ పై అధికారీ ఫోనులో ఫ్యాను ఎంత వేగంగా తిరగాలన్న దాని మీద కొట్లాడుకున్నాం. చదువుకున్నవాళ్ళం, ఇద్దరికీ జీతాలు వస్తాయి. చివరికి ఫ్యాను జోరుగా తిరిగింది. అప్పుడు ఆ పిల్ల తెర అటూ ఇటూ జరిపి చూసింది.

"పక్కింట్ల ఉందా సార్?"

మా అమ్మ కూడా అంతే. కరెంటు పోతే కొవ్వొత్తి వెతకదు, ముందు తలుపు తీసి పక్కింటి వైపు చూస్తుంది. వాళ్ళకూ లేదంటే నిమ్మళంగా వచ్చి కూర్చుంటుంది. వాళ్ళకుండి మనకు లేదంటేనే ఆమెకు బాధ మొదలవుతుంది. ఇంత మామూలు సంగతి లేకుండా నేను ఇల్లు కట్టానా అని నా మీద నాకే నవ్వొచ్చింది.

పక్కిల్లు కట్టాను. అందులో లైటు వెలిగించాను. నమ్మకం కుదరడానికి టీవీ కూడా పెట్టించాను. బల్బు ప్రశ్నలో టీవీ సీరియల్ ఎందుకని పై అధికారి అడిగాడు. జీవితానికి దగ్గరగా అన్నాను. ఇదే ఆఖరిసారి, ఈసారి కూడా కుదరకపోతే పెట్టె ఎత్తుకొచ్చేయమన్నాడు.

ఆఖరి రోజు టీచరమ్మ పిల్లలకంటే ఎక్కువ భయపడింది. ట్యాబులు పంచాం. పిల్లలు పక్కింటి టీవీ చూస్తూ అనుమానంగా కూర్చున్నారు. అంతలో బళ్ళో నిజంగానే కరెంటు పోయింది. తల మీది ఫ్యాను మెల్లగా ఆగిపోయింది. కరెంటు పుట్టించే థర్మల్ స్టేషన్ ఉన్నది మా జిల్లాలోనే, ఇక్కడ కాసేపు ఉండిపోవడం మాత్రం ఆ కరెంటుకు అలవాటు లేదు.

ఆ పిల్ల ఆగిన ఫ్యానును చూసింది. తెర మీద తిరుగుతున్న ఫ్యానును చూసింది.

"ఈడ పోయింది, ఆడ పోలే," అంది గట్టిగా. "ఆ ఊరి లైను వేరే!"

తలలన్నీ ఒక్కసారి వంగాయి. అక్కడ నిజంగా కరెంటు ఉంది, అయినా ఈ బల్బు వెలగడం లేదు, అంటే వైరే పోయింది. ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ ముందు మెయిన్ స్విచ్ ఆపారు. వైరు వెతికి కలిపారు. మళ్ళీ మెయిన్ వేశారు. తరగతి నిండా బల్బులు వెలిగాయి. టీచరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

సాయంత్రం యంత్రం మళ్ళీ తీర్పు చెప్పింది. తరగతి మొత్తం కాపీ కొట్టింది, ఫలితాలు లెక్కకు రావు. అందరూ ఒకేసారి కదిలారు. పైగా, జవాబులో లేని అనవసరమైన పని ఒకటి అందరూ ఒకే తీరుగా చేశారు. మెయిన్ ఆపారు. అందం కోసం పెట్టిన స్విచ్చును ఇంతమంది ముట్టుకోవడం కాపీ కాక మరేమిటని యంత్రం వాదన.

పై అధికారికి ఫోన్ చేసి అరిచాను. అది కాపీ కాదని, ఆ ఊళ్ళో తల్లిదండ్రులు పిల్లలకు నేర్పే మొదటి జాగ్రత్త అని చెప్పాను. కరెంటు పోయిన సంగతీ చెప్పాను. అలాంటివి నింపడానికి యంత్రంలో చోటు లేదన్నాడు. పైగా సంబరపడ్డాడు. కాపీని కూడా పట్టుకునే ప్రశ్న ఇంతవరకు ఎవరూ చేయలేదట, నా ప్రశ్నను అన్ని జిల్లాలకూ పంపిస్తారట. ఆ క్షణంలో ఆ మనిషి ఎదురుగా ఉంటే ఏం చేసేవాణ్ణో చెప్పలేను.

మర్నాడు పెట్టె సర్దుతుంటే ఆ పిల్ల వచ్చి మైక్రోస్కోపు పక్కన నిలబడింది.

"మేం తప్పు జేసినమా సార్?"

"లేదమ్మా. అందరూ సరిగ్గా చేశారు."

"మరి పెట్టె ఎందుకు తీస్కపోతుండ్రు?"

"అందరూ సరిగ్గా చేసినందుకే."

ఆ పిల్ల మైక్రోస్కోపు మీద చెయ్యి వేసి మళ్ళీ అడిగింది. ఎగతాళికి అడగలేదు. లెక్క అర్థం చేసుకోవడానికే అడిగింది.

"అయితే మా క్లాసుల కొంతమంది మెయిన్ ఆపకుండ షాక్ కొట్టించుకునుంటే, పెట్టెను ఈడనే ఉండనిస్తుంటిరా సార్?"

"అవునమ్మా," అన్నాను.