సంఘమంతా ప్రార్థించిన తెల్లకారు

కొత్త కారు కొనాలనుకున్నవాళ్లు మామూలుగా బ్యాంకులో చెప్తారు, బావమరిదికి చెప్తారు, మరీ ఆగలేకపోతే పక్కింటివాళ్లకు చెప్తారు. నేను చర్చిలో చెప్పాను. అదీ మైకులో. దాంతో నా పరువు ఏ గంగలో కలిసిందో ఇప్పుడు చెప్పబోతున్నాను. చదువుతూ మీరు ధారాళంగా నవ్వుకోవచ్చు. మా ఊళ్లో అందరూ నవ్వేశారు, మీరొక్కరే మిగిలారు.

మాది ఓర్వకల్లు దగ్గర పల్లె. కర్నూల్లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్తాను. అంటే, రోజూ ఇస్త్రీ చొక్కాతో మోటారు సైకిలెక్కి, కాలేజీ చేరేసరికి ఎర్రమట్టి రంగుకు మారే మనిషిని. వెనక కూర్చుని అదే ఊరికి నర్సు ఉద్యోగానికి వచ్చే నా భార్య సుగుణ పరిస్థితీ అంతే. ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఎండలో బండి ఆగిపోతే, ఆమె రోడ్డు పక్కన నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది తప్ప ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఆ మౌనం నాకు గుచ్చుకుంది. ఈమెను చల్లటి కారులో కూర్చోబెట్టి తిప్పకపోతే నేనేం మొగుణ్నని అప్పుడే తీర్మానించుకున్నాను.

ఆ వారంలోనే ఫోన్లో ఆ కారు కనబడింది. ఇంకా బజారులోకి రాలేదు, వస్తుందని ప్రకటన. తెల్లగా మెరిసిపోతూ సముద్రం ఒడ్డున జారిపోతోంది. పైకప్పుకు ఒక అద్దాల కిటికీ. అందులోంచి ఒకమ్మాయి తల బయటపెట్టి, చేతులు చాపి, గాలి పీల్చుకుంటోంది. మనకు సముద్రం లేదని, మన గాలి పీలిస్తే దగ్గొస్తుందని నాకు తట్టలేదు. తాను వలచింది రంభ, తాను మునిగింది గంగ అన్నారు పెద్దలు. ఫోన్లో చూసింది కారు అని వాళ్లు చేర్చలేదంటే, అది వాళ్లకు ఫోన్లు లేకపోబట్టి.

మా చర్చిలో ఆదివారం ఆరాధన చివర ప్రార్థన విన్నపాలుంటే చెప్పమంటారు. ఒకరు నడుం నొప్పి అంటారు, ఒకరు కూతురి పరీక్షలంటారు, అందరూ కలిసి వాన అంటారు. ఆ ఆదివారం నేను లేచి మైకు పుచ్చుకుని నాకు కారు కావాలన్నాను. అంతటితో కూర్చుని ఉంటే ఈ కథ లేదు. కారు పేరు చెప్పాను. రంగు తెలుపన్నాను. పైన కిటికీ ఉన్న రకమే కావాలి, లేని రకం వద్దని కూడా విడమర్చి చెప్పాను. ఆకాశంలో అడ్రసు తప్పిపోయి తక్కువ రకం దిగుతుందేమోనని నా జాగ్రత్త.

మా పాస్టరుగారిని మేమంతా అయ్యగారు అంటాం. మనిషి భారీ, మనసు అంతకన్నా భారీ. ఆయన నా విన్నపాన్ని వదల్లేదు. ప్రతి ఆదివారమూ ముందు వాన, వెనక కారు. ఆ ఏడు వానలు వేళకు పడి విత్తనాలు నేలలో పడ్డాక, వాన వెనక్కి తగ్గి కారు ముందుకొచ్చింది. ముందు వరుసలో కూర్చునే ఎస్తేరమ్మ అవ్వ అందరికంటే గట్టిగా ప్రార్థించేది. ఎందుకంటే ఆమెకు కర్నూల్లో కంటి పరీక్షలుండేవి. కిటికీ పక్క సీటు తనదేనని, డోన్‌లో చెల్లెలింటికి కూడా ఒక తూరి పోయి రావాలని నాతో ఒప్పందం చేసుకుంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు కదా. మా సంఘంలో సోమలింగానికి సీట్ల కేటాయింపు కూడా అయిపోయింది.

మళ్లీ ఎండలు ముదిరే వేళకు కారు బజారులోకి వచ్చింది. షోరూం వాళ్లు ఫోన్ చేసి నడిపి చూడమన్నారు. నేనూ సుగుణా గుట్టుగా వెళ్లొద్దామనుకున్నాం. కానీ మైకులో అడిగినవాడికి గుట్టు ఎక్కణ్నుంచి వస్తుంది. అయ్యగారూ ఎస్తేరమ్మ అవ్వా మాకంటే ముందే షోరూం మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. అవ్వ చంకలో సద్ది మూట కూడా ఉంది.

షోరూంలో మాకు దొరికిన సేల్స్ అబ్బాయి పేరు ఖాజా. మెడకు బిగించిన టై, దానికంటే బిగించిన చిరునవ్వు. బయల్దేరేముందు అయ్యగారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టారు. టైర్ల కోసం, రోడ్ల కోసం, కారు చేసిన కార్మికుల కోసం, చివరికి ఖాజాకు మంచి సంబంధం కుదరడం కోసం ప్రార్థించారు. కళ్లు మూసుకుని నిలబడ్డ ఖాజా ఆఖర్న అందరికంటే గట్టిగా ఆమీన్ అన్నాడు.

ఇక ఎక్కాం. స్టీరింగ్ దగ్గర నేను, పక్కన ఖాజా, వెనక అయ్యగారు, సుగుణ, కిటికీ పక్కన అవ్వ. నేను సీట్లో కూర్చోగానే నా నడినెత్తి కప్పుకు తగిలింది. పైన కిటికీ పెట్టినందువల్ల కప్పు కొంచెం కిందికి దిగిందని ఖాజా వివరించాడు. కిటికీ కోరిందీ నేనే, తల ఉన్నదీ నాకే కాబట్టి ఎవరినీ ఏమనలేక మెడ వంచుకుని బండి కదిలించాను. పెళ్లిచూపుల్లో పెళ్లికూతురు కూడా అంతగా తల వంచుకుని ఉండదు.

షోరూం నుంచి చిన్న చుట్టు చుట్టి రావడం వాళ్ల పద్ధతి. నేను ఒప్పుకోలేదు. ఇంత ప్రార్థించిన కారును సందుల్లో తిప్పడమేమిటని ఓర్వకల్లు రోడ్డు పట్టించాను. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర కారు అడుగు నేలకు రాసుకుంది, నా తల పైకప్పుకు కొట్టుకుంది. రెండు చప్పుళ్లూ ఒకేసారి వచ్చాయి. వెనక నుంచి అయ్యగారు మెల్లగా స్తోత్రం అన్నారు. కొత్త చెప్పులు కూడా మొదట కరుస్తాయి కదా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను.

నన్నూరు దాటాక ఎత్తు మొదలైంది. అక్కడ కారు ఆయాసపడటం మొదలుపెట్టింది. మామూలుగా కాదు, ఉబ్బసం ఉన్నవాడు కొండెక్కినట్టు. నేను కాలు అదిమేకొద్దీ అరుపు పెరిగింది గానీ నడక పెరగలేదు. గొర్రెపిల్లల్ని ఎక్కించుకున్న ఆటో ఒకటి మమ్మల్ని దాటిపోయింది. అందులో ఒక గొర్రె వెనక్కి తిరిగి మమ్మల్నే చూసింది.

"లోడ్ ఎక్కువుండాది సార్, ఏసీ ఆపితే ఎక్కుతాది" అన్నాడు ఖాజా.

"ఏసీ కోసమే కదప్పా కారు కొంటాండేది" అన్నాను.

"దిగేటప్పుడు వేసుకోవచ్చు సార్. బేఫికర్‌గా ఉండండి."

ఏసీ ఆపాడు. లోపల కుంపటి రాజుకుంది. అద్దంలోంచి చూస్తే సుగుణ కొంగుతో మొహం తుడుచుకుంటోంది, అచ్చం ఆ రోజు రోడ్డు పక్కన తుడుచుకున్నట్టే. నాకు ప్రాణం చివుక్కుమంది. గాలి ఆడుతుందని, కారు గొప్పా తెలుస్తుందని, పైకప్పు కిటికీ బటన్ నొక్కాను. అది రాజసంగా జరిగి తెరుచుకుంది. కర్నూలు సూర్యుడు పిలవని పేరంటానికి వచ్చి అందరి నెత్తినా కూర్చున్నాడు.

ఎస్తేరమ్మ అవ్వ చేతిని కళ్లకు అడ్డం పెట్టుకుని పైకి శానాసేపు చూసింది.

"ఏమప్పా, కప్పు కారతాంటే మేము రేకులేసుకునేకి అల్లాడుతాంటిమి. నువ్వు దుడ్లిచ్చి కప్పుకు తూటు కొంటాండావా?"

నేను బటన్ మళ్లీ నొక్కాను. కిటికీ కొంచెం కదిలి ఆగిపోయింది. ఖాజా నొక్కాడు. కదల్లేదు. కొత్త బండి కదా సార్, అలవాటు పడాలి అన్నాడు. సరిగ్గా అప్పుడే, నాపరాళ్ల పాలిష్ పొడి నింపుకుని పట్టా కప్పని లారీ ఒకటి మా పక్కనుంచి పోయింది. పొడి మబ్బులా లేచి, తెరిచిన వాకిట్లోకి చుట్టం వచ్చినట్టు తీరిగ్గా లోపలికి దిగింది. మబ్బు తగ్గాక చూస్తే కారుతో పాటు మేమూ తెల్లగా ఉన్నాం. నేను అడిగిన రంగే.

తిరుగు దారంతా కిటికీ మూసుకోవాలని లోలోపలే ప్రార్థిస్తూ నడిపాను. వెనక ముగ్గురూ కళ్లు మూసుకుని ఉన్నారు. పొడి పడుతుందని అనుకున్నాను.

షోరూం దగ్గర దిగాక అసలు చిక్కు మొదలైంది. ఎట్లుంది సార్ అని ఖాజా అడిగాడు. బాగాలేదని నా నడినెత్తి బొప్పి చెప్తోంది. కానీ ఏడాది పాటు సంఘమంతా మోకరించి అడిగిన కారు. బాగాలేదంటే ఎవరిని తప్పుపట్టినట్టు? బాగుందంటే నెలనెలా కంతులు కడుతూ ఏళ్ల తరబడి ఆ కుంపట్లో సుగుణను కూర్చోబెట్టాలి. కుడితిలో పడ్డ ఎలుకకైనా ఈత కొట్టే అవకాశం ఉంటుంది. నేను అయ్యగారి వైపు చూశాను. ఆయన కనుబొమ్మల మీది పొడి దులుపుకుంటూ, దేవుడిచ్చేది బాగుండక ఎట్లుంటాది నాయనా అన్నారు. అవ్వ తలాడించింది. సుగుణ కూడా, మీ ఇష్టం అంది. ఇంతమందికీ నచ్చితే నాకొక్కడికే విశ్వాసం తక్కువైందా అని సిగ్గేసి, ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పి సోమవారం వచ్చి బుక్ చేస్తానని మాటిచ్చేశాను.

ఆ ఆదివారం నా పేరు పిలిచేలోపు ఎస్తేరమ్మ అవ్వ లేచింది. ఆమెకు మైకు అక్కర్లేదు.

"కారు ఇయ్యమని మనమంతా అడిగినాము. అదేందో తెలీక అడిగినాము. మొన్న నేను దాంట్లో కూచున్యా. నెత్తిన ఎండ, నోట్లో సుద్ద, మోకాళ్లు మూతి కింద గదవకు ఆనుకొని ఉండాయి. ఆడనే కండ్లు మూసుకొని, ప్రభువా, మేము అడిగింది తప్పు, ఈ పిల్లోనికి ఇది ఇయ్యాకు, ఆ తూటు మూసుకోకుండా చెయ్యి, చూసి బుద్ధి తెచ్చుకుంటాడు అని అడిగినా. మూసుకున్యాదా? లేదు."

అయ్యగారు గొంతు సవరించుకుని, నిజం దాచకూడదు, నేనూ ఆ కారులో అదే ప్రార్థన చేశానన్నారు. ఆడవాళ్ల వరుసలోంచి సుగుణ కూడా మెల్లగా చెయ్యెత్తింది. ఇంతమంది ఒక్క మనసుతో అడుగుతుంటే ఆ కారులో కిటికీ మూసుకోవాలని ప్రార్థించింది నేనొక్కణ్నే. అది ఎందుకు మూసుకోలేదో అప్పుడు అర్థమైంది.

నేను నవ్వాలో ఏడవాలో తేల్చుకునేలోపు సుగుణ లేచి నిలబడింది. మా పెళ్లయినప్పటి నుంచి ఒక్క విన్నపమూ చెప్పని మనిషి మైకు పుచ్చుకుంది.

"నాకు కారు కావాలని నేను ఎప్పుడూ అడగలేదు. ఎండలో నిలబడినా నాకేం బాధ లేదు, ఈయన పక్కనుంటే చాలు. మా ఇంటాయన నోటికి ఒక కావలి కావాల. అందరూ ప్రార్థన చేయండి."

వాన కోసం గానీ, కారు కోసం గానీ అంత గట్టి ఆమేన్ మా చర్చిలో నేనెన్నడూ వినలేదు.

తర్వాత ఖాజావాళ్ల మామ గ్యారేజీలో ఒక పాత కారు దొరికింది. రంగు ఏదో సరిగ్గా చెప్పలేం. కప్పు మాత్రం గట్టిది, తూటు లేదు. ఎత్తు ఎక్కుతుంది, ఏసీ చల్లగా వస్తుంది. సుగుణ దారి పొడవునా నిద్రపోతుంది, ఆ నిద్ర చూస్తే నాకు ఎంత హాయో. కిటికీ పక్క సీటు ఎస్తేరమ్మ అవ్వది.

కాబట్టి మీ అందరి ఎదుటా, చెయ్యి నా నడినెత్తి బొప్పి మీద ఉంచి ప్రమాణం చేస్తున్నాను. కూర్చుని చూడని దేన్నీ ఇకమీదట పేరు పెట్టి అడగను. రంగు చెప్పను. రకం చెప్పను. ముఖ్యంగా, మా ఇంటి సంగతులు ఇంకెక్కడా ఎవరికీ నోరు విప్పి చెప్పను. నా నోటికి కావలి కోసం మా సంఘం ప్రతి ఆదివారం ఇంకా ప్రార్థిస్తూనే ఉంది. జవాబు మాత్రం ఇంకా రాలేదనడానికి, మీరిప్పుడు చదివిందే సాక్ష్యం.