ఇన్‌స్పెక్షన్ రోజు రావద్దన్నాను

అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. యాభైల చివరి మాట. ట్రైనింగు పూర్తిచేసి, వాకాడుకు తూర్పున, చేపలు పట్టేవాళ్ల పాళెంలో ఉన్న బడిలో చేరాను. బడికి ఇద్దరమే, హెడ్మాస్టరు గారూ నేనూ. ఒకటీ రెండూ తరగతులు నావి.

రెండో తరగతిలో ఒక పిల్ల ఉండేది. ఎనిమిదేళ్లుంటాయి. అప్పటికే ఒకసారి తప్పింది. నోటిలెక్కలు చకచకా చెప్పేది, పద్యం రెండుసార్లు వింటే అప్పజెప్పేది. పుస్తకం తెరిస్తే మాత్రం ముఖం మాడిపోయేది. 'మ'ను 'య' అనేది, 'ప'ను 'వ' అనేది. హెడ్మాస్టరు గారు మొద్దు అని పేరుపెట్టి గోడవారన కూర్చోబెట్టినారు. అబద్ధమెందుకు, మొదటి నెలంతా నేనూ బెత్తంతోనే చెప్పాను.

ఒకరోజు బెత్తం ఎత్తితే, ఆ పిల్ల ఏడవకుండా చెయ్యి చాపి, "అక్షరాలు నిలబడవు అయివోరా. నేను చూస్తాంటే పక్కకు పోతాయి" అంది.

బెత్తం దించేశాను. సాయంత్రం బడి వదిలినాక ఆ పిల్లను ఉండమని, తడి ఇసకలో పెద్ద 'వ' రాసి, వేలితో దిద్దమన్నాను. కళ్లు మూసుకుని దిద్దమన్నాను. తర్వాత పక్కనే 'ప'. రోజుకు ఒక్క అక్షరం, ఒక్కోసారి అదీ లేదు. ముందురోజు వచ్చింది మర్నాటికి పోయేది. నాకు విసుగొచ్చి లేచిపోతే, తనే ఇంకాసేపు దిద్దుకుని ఇంటికి పోయేది. మూడు నెలలకు పుస్తకంలో 'వల' అనే మాట కింద వేలు పెట్టి చదివింది. చదివి, నిజమా కాదా అన్నట్టు నా ముఖం చూసింది. నాలుగో నెలకు ఒక పాఠం, నెమ్మదిగా, వేలు జరుపుకుంటూ.

అంతలో ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారని కబురొచ్చింది.

"ఆ పిల్లను ఆ దినం రావద్దను" అన్నారు హెడ్మాస్టరు గారు.

"ఇప్పుడు చదవతా ఉంది సార్."

"ఒక్కో మాటకు అరగంట. నీ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, జ్ఞాపకం పెట్టుకో."

జ్ఞాపకం పెట్టుకున్నాను. ముందురోజు ఆ పిల్లను పిలిచి, రేపు బడి లేదని చెప్పాను.

"అందరికీనా అయివోరా?"

"అందరికీ."

పాళెంలో పిల్లలంతా బడికి పోతూ ఉంటే ఆమెకు తెలియకుండా ఉంటుందా? తల దువ్వుకుని, ఉతికిన గౌను వేసుకుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. లోపల ఇన్‌స్పెక్టరు గారు మూడో తరగతిని లెక్కలు అడుగుతున్నారు. నేను గబగబా బయటికొచ్చాను.

"నేను చదవతా అయివోరా. వేలు పెట్టుకోని చదవతా."

"పో అంటిని గదా!" అన్నాను. గొంతు పెంచకుండానే, పళ్లు బిగించి.

పోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఇన్‌స్పెక్టరు గారు మంచివారు. పోయేముందు, "చదువులో వెనకబడ్డ పిల్లలు ఎవరన్నా ఉన్నారా? వాళ్లకేం చేస్తున్నారు?" అని అడిగారు. "అట్లాంటివాళ్లు లేరండీ" అన్నారు హెడ్మాస్టరు గారు. నేను తల ఊపాను. బడి రిజిస్టరులో నా బోధన గురించి నాలుగు మంచి మాటలు రాసిపోయారు.

మర్నాటి నుంచి ఆ పిల్ల రాలేదు. మూడుసార్లు ఇంటికి పోయాను. మూడోసారి తల్లి, "మీరే రావద్దంటిరంట గదయ్యా. ఉండనీలే, నాకు బుట్టెత్తే మనిషి కావాల" అంది. పిల్ల గుడిసె వెనక కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. "బడికి రామ్మా" అంటే తల ఎత్తకుండానే చెప్పింది: "నాకు రాదు అయివోరా."

ఆ పిల్లకు చదవడం వచ్చింది. ఆ మాట తల్లి ముందు నేను గట్టిగా అనలేదు. అంటే, మరి ఎందుకు పొమ్మన్నావని అడుగుతుందేమోనని భయం.

ఏడాది తిరిగేలోపు పర్మనెంటు అయింది. గూడూరు వైపు బదిలీ చేయించుకున్నాను. ఏడెనిమిదేళ్ల తర్వాత వాకాడు బస్సు దగ్గర ఆ పిల్లే నన్ను గుర్తుపట్టి పలకరించింది. చంకలో ఏడాది బిడ్డ.

"బాగుండారా అయివోరా?"

"బాగున్నానమ్మా. పాపను బడికి పంపించు, పెద్దదయినాక" అన్నాను.

నవ్వింది. "మాకు చదువు అబ్బదులే అయివోరా. నాకే రాలేదు గదా, దీనికి యాడొస్తాది?"

కండక్టరు కేకేశాడు. తప్పు నాదని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. నేను బస్సెక్కాను.