అత్తగారి ముక్కు, ఎనిమిదో నెల

మా అత్తగారి ముక్కంటే నాకు ఒళ్ళు మంట. వీధరుగు మీద కూర్చునే, వంటింట్లో పప్పు అడుగంటబోతోందని నాకంటే ముందు కనిపెట్టేవారు. “అమ్మాయ్, నెయ్యి కమురు కంపు కొడుతోందే!” అని పక్కింటికి వినపడేలా చెప్పేవారు. ఆ ముక్కు మీద నాకున్న కోపమంతా నెల తిరక్కుండా దిగిపోయింది.

ఎనభైల మొదట్లో నేను ముక్తేశ్వరంలో ఎలిమెంటరీ స్కూలు టీచర్ని. తొలిచూలు, ఏడో నెల. పుట్టింటికి వెళ్దామంటే అమ్మ లేదు. ఓ రోజు నల్లబల్ల మీద ఎక్కాలు రాస్తుంటే ఉన్నట్టుండి చీర తడిసింది. నొప్పీ లేదు, ఏమీ లేదు. నెలలు పెరిగేకొద్దీ ఉచ్చ ఆగదని ఎవరో అనగా విన్నాను. అదే అనుకుని సిగ్గుతో చచ్చిపోయాను. రెండు రోజులపాటు పాత చీర ముక్కలు మడిచి పెట్టుకోవడం, వాటిని ఎవరి కంటా పడకుండా ఉతికి కొట్టం వెనకాల ఆరేసుకోవడం. ఊరి పిల్లలందరికీ పాఠాలు చెప్పేదాన్ని, నా ఒంటి సంగతి నాకు తెలియలేదు!

మూడో రోజు పొద్దున్న అత్తగారు ఉతకని గుడ్డొకటి కొస పట్టుకుని నా ముందుకొచ్చారు.

“ఇది ఉచ్చ వాసన కాదే అమ్మాయ్. లేత కొబ్బరి బొండం కొట్టినట్టుంది. ఉమ్మనీరే ఇది! ఎన్నాళ్ళనించీ?”

“మొన్నటినించండి” అన్నాను నేల చూపులు చూస్తూ.

“ఓసి నీ సిగ్గు పాడుగానూ!” అని నెత్తి కొట్టుకుని, అప్పటికప్పుడు మా వారిని కారు కోసం తరిమారు. మధ్యాహ్నానికి అమలాపురంలో ఒక లేడీ డాక్టరుగారి ఆస్పత్రిలో ఉన్నాం.

ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, “ఊళ్ళో ఎవరైనా లోపల చెయ్యి పెట్టి చూసేరా?” అని. లేదండీ అన్నాను. “బతికించేరు. ఇక్కడా ఎవరం పెట్టం” అన్నారు. ఉమ్మనీటి సంచికి చిల్లు పడిందనీ, బిడ్డ ఇంకా చాలా చిన్నదనీ, నొప్పులూ జ్వరమూ రానన్నాళ్ళు కడుపులోనే పెరగనివ్వాలనీ చెప్పారు. లోపల చీము చేరితే నీటి వాసన మారుతుందట, అప్పుడు మాత్రం ఆగకూడదట. వెంటనే కాన్పు చెయ్యకపోతే ఇద్దరికీ ప్రమాదమట. మంచానికి కాళ్ళవైపు ఇటుకలు పెట్టించారు. సూదులు పొడిచారు. ఆపైన నాలుగు గంటలకోసారి జ్వరం చూడటం, గుడ్డ మార్చినప్పుడల్లా నీటి రంగూ వాసనా చూడటం. ఇక నేను చెయ్యాల్సింది కదలకుండా పడుకోవడమే. నాలాంటిదానికి అంతకంటే శిక్ష ఉంటుందా!

అత్తగారికి ఈ వైద్యం బొత్తిగా నచ్చలేదు. “డాక్టరమ్మగారూ, ఏడో నెల్లో పుట్టిన పిల్లలు బతుకుతారండి. ఎనిమిదో నెల్లో పుడితే దక్కరండి. నా మొదటివాడు అలాగే పోయేడండి. ఇంకా వారం ఉందండి, ఈలోపే కానిచ్చెయ్యండి” అని చేతులు పట్టుకున్నారు.

“ఎనిమిదో నెల పిల్లల్ని నేను బతికించేను మామ్మగారూ. లోపలున్న ఒక్కో రోజూ బిడ్డకి ఊపిరండి” అన్నారు డాక్టరుగారు. మళ్ళీ, “ఫినాయిలుకి మా ముక్కులు చచ్చిపోయేయి. కనిపెట్టింది మీరే కదా, గుడ్డ తీసినప్పుడల్లా మీరే చూసి చెప్పండి” అన్నారు.

మా అత్తగారు మహా మడి మనిషి. ఆ గుడ్డ ముట్టుకుంటే తలమీదుగా స్నానం చేస్తేగానీ మంచినీళ్ళు కూడా తాగరు. పూటకోసారి ఆరుబయట నూతి దగ్గర స్నానం, అదీ మార్గశిరంలో. నర్సమ్మాయి నవ్వేది. “మామ్మగారండీ, మా నుయ్యి మీ ఒక్కరికే చాలడం లేదండి!”

“ఆయ్, ఎండిపోతే ఇంకోటి తవ్వించుకోండమ్మా” అనేవారు వణుకుతూ.

నా భయం నాది. వాసన మారిందని ఆవిడ ఒక్క మాటంటే చాలు, ఏడో నెల్లోనే కాన్పు చేసేస్తారు. అందుకే ఆవిడ గుడ్డ ఎత్తినప్పుడల్లా ఆ నోటికేసే చూసేదాన్ని. “ఏం లేదు, బొండం వాసనే” అనేవారు. ఏడో నెల నిండే రోజున మాత్రం గుడ్డ చాలాసేపు పట్టుకున్నారు. ఏదో అనబోయారు. “ఏం లేదమ్మా” అనేసి, కళ్ళొత్తుకుంటూ నూతి దగ్గరికి వెళ్ళిపోయారు.

ఎనిమిదో నెల వచ్చి పదిహేను రోజులైంది. ఆ పొద్దున్న గుడ్డ ఒకటికి రెండుసార్లు చూసి, “తేడాగా ఉంది. ఎండలో నిలవున్న కొబ్బరినీళ్ళలా ఉంది” అన్నారు. నర్సమ్మాయి కూడా చూసి, తనకేమీ తెలియడం లేదంది. జ్వరమా, లేదు. నాకు ఒళ్ళు తెలియలేదు. “మొదటినించీ మీ పట్టుదల ఇదే కదా! నా బిడ్డని బయటికి లాగించేదాకా మీకు నిద్ర పట్టదు!” అని అరిచేశాను.

ఆవిడ కోప్పడలేదు. “ఎనిమిదో నెల్లో కనమని నేను చెప్తానుటే అమ్మాయ్?” అన్నారు.

డాక్టరుగారిని పిలవమని నర్సమ్మాయికి నేనే చెప్పాను. డాక్టరుగారు వచ్చి నా నాడి పట్టుకున్నారు, పొట్టమీద చెక్క గొట్టం ఆనించి విన్నారు. బిడ్డ గుండె పరుగెడుతోందట. “మామ్మగారి మాటే నిజం. ఆగొద్దు” అని నొప్పులు రావడానికి సెలైను పెట్టించారు. మధ్యాహ్నానికి నాకు చలీ జ్వరమూ ముంచుకొచ్చాయి. జ్వరం వచ్చాక చూద్దామని కూర్చునుంటే ఆ పూటంతా వృథా అయ్యేదని తరవాత డాక్టరుగారే అన్నారు. పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది. కేజీన్నర. పిల్లికూనలా ఏడ్చింది. హమ్మయ్య, ఏడ్చింది! నేను దానికంటే గట్టిగా ఏడ్చాను.

వారం గడిచింది. నా జ్వరం తగ్గింది, పిల్ల ఉగ్గుగిన్నెతో పాలు మింగింది. ఇక భయం లేదన్నారు డాక్టరుగారు. దూదిలో చుట్టి బల్బు కింద పెట్టిన పిల్లని తీసి, ఒంటి వెచ్చదనం తగలాలి, ఎవరైనా గుండెకి హత్తుకోండి అన్నారు. నాకింకా లేచి కూర్చునే ఓపిక లేదు. పురిటి మైల తీరనే లేదు. అత్తగారు మారుమాట్లాడకుండా చేతులు చాచి, పిల్లని పైటలోకి తీసుకుని, గోడకి చేరగిలబడ్డారు.

నర్సమ్మాయి గుమ్మంలోంచి అడిగింది. “మామ్మగారండీ, స్నానానికి నీళ్ళు తోడమంటారా?”

“ఉండవే” అన్నారు అత్తగారు, గొంతు తగ్గించి. “పిల్లకి ఇప్పుడే కునుకు పట్టింది.”