మాట తెగితే ఆగాలె

పీడీ సారు పోయారని పోయిన మంగళవారం పొద్దున మా వాచ్‌మన్ వచ్చి చెప్పాడు. పొయ్యి మీద పాలు ఉన్నాయి. స్టవ్ కట్టేసి, చెప్పులు కూడా వేసుకోకుండా రెండంతస్తులు దిగాను. అప్పటికే ఆయన్ని హాల్లో పడుకోబెట్టారు. ముందురోజు సాయంత్రం గేటు దగ్గర కనపడి, “ఏంది బిడ్డ, ఇయ్యాల లేటయింది?” అని అడిగిన మనిషి.

తార్నాకలో మా అపార్ట్‌మెంట్‌లో గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాటు ఆయనది. యూనివర్సిటీలో ఫిజికల్ డైరెక్టరుగా చేసి రిటైరయ్యారు. నేను అదే క్యాంపస్‌లో ఆఫీసు గుమస్తాని, మాది కర్నూలు వైపు. నీళ్ల ట్యాంకరు వచ్చిందా అని అడిగేంత వరకే మా పరిచయం. నలభై ఏడేళ్ల వయసులో హిమాలయాలకు ట్రెక్కింగుకు పోతానని నేను తలకెత్తుకునేదాకా అంతే.

తయారవడమంటే నాకు తెలిసింది పరుగొక్కటే. ఆఫీసులో అందరికీ గొప్పగా చెప్పుకుని, మర్నాడే యూనివర్సిటీ గ్రౌండుకు పోయాను. ఒక్క రౌండు పరిగెత్తి గ్యాలరీ మెట్ల మీద కూలబడితే, వాకింగుకు వచ్చిన సారు చూసి సంగతి అడిగారు.

“గాడ కొండల మీద నీ ఎనక పోలీసోళ్లు పడతరా బిడ్డ? ఎందుకు ఉరుకుతున్నవ్?” అన్నారు. మర్నాటి నుంచి ఆయనే నా గురువు.

కొత్త బూట్లు పెట్టెలోనే దాచుకున్నానని తెలిసి మందలించారు. పాదానికి అలవాటు కాని బూటు కొండ మీద పగ తీర్చుకుంటుందట. రెండు నెలలు నేతచీర కింద ఆ బూట్లు తొడుక్కునే ఆఫీసుకు నడిచాను. మెట్రో స్టేషన్ దగ్గర కాలేజీ పిల్లలు నవ్వేవాళ్లు. నవ్వరా మరి.

ఆయన అసలు పద్ధతి ఇంకొకటి. వీపున ఐదు కిలోల బియ్యం మోస్తూ గ్యాలరీ మెట్లెక్కాలి. ఎక్కుతూ, ఆ రోజు కూర ఎలా చేశానో మొదటి నుంచీ చెప్పాలి. గుత్తివంకాయ అయితే పల్లీలు, నువ్వులు వేగేదాకా బాగానే ఉండేది. ఎండుకొబ్బరి దగ్గరికొచ్చేసరికి ఊపిరి అందేది కాదు.

“మాట తెగితే ఆగాలె. మాట కలిసినంక మళ్ల ఎక్కు” అనేవారు.

నేను ఆగేదాన్ని కాదు. ఎవరైనా చూస్తారని పళ్లు బిగబట్టి ఎక్కేదాన్ని. ఒకరోజు ఆయనకు నిజంగానే కోపమొచ్చింది. “తల నొస్తే చెప్పాలె. కడుపుల తిప్పితే చెప్పాలె. మీద గాలి పలుచగుంటది, దాచిపెట్టినోళ్లే పోతరు. కొండ గాడనే ఉంటది. నువ్వు ఇంటికి రావాలె” అన్నారు.

ఇంత విన్నదాన్ని, పైకి పోయాక దాచిపెట్టాను. శిఖరమెక్కే ముందురోజు మధ్యాహ్నం క్యాంపులో తల పగిలిపోతోంది. గైడు ఒక్కొక్కరినీ అడుగుతూ వస్తే బాగున్నానన్నాను. వెనక్కి పోతే ఆఫీసులో మొహం ఎలా చూపించను? అతను పక్క గుడారానికి పోయాక సారు గుర్తొచ్చి, గుత్తివంకాయ ఎలా చెయ్యాలో పైకి చెప్పుకోబోయాను. ఊపిరి సంగతి అటుంచి, నువ్వుల తర్వాత ఏం వేస్తానో గుర్తు రాలేదు. ముప్పై ఏళ్లుగా చేస్తున్న కూర అది. భయమేసింది. గైడును పిలిచి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆ పూటే మనిషిని తోడిచ్చి కిందికి దించారు. దిగేకొద్దీ తల తేలికపడింది గానీ ఏడుపు ఆగలేదు.

తిరిగొచ్చి నాలుగు రోజులు సారు కంటపడకుండా తప్పించుకు తిరిగాను. ఐదో రోజు ఆయనే మెట్లెక్కి మా ఇంటికి వచ్చారు.

“తల నొచ్చిందా?”

“నొచ్చింది సార్.”

“చెప్పినవా?”

“మొదట చెప్పలేదు. తర్వాత చెప్పినా సార్.”

“గంతే. నేను నేర్పింది గదొక్కటే” అని కుర్చీ లాక్కుని టీ అడిగారు. ఆ తర్వాత ఆఫీసులో ఎవరేమనుకున్నా నాకు పట్టలేదు. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయడానికి నేను మిగిలి ఉన్నానంటే ఆయన చలవే.

నిన్న సాయంత్రం ఆంటీ దగ్గర, అంటే సారు భార్య దగ్గర, కూర్చున్నాను. ఆమే మాట మొదలుపెట్టింది.

“పోయేముందు రెండు దినాల సంది మీ సారుకు ఛాతీల మంట ఉండెనట. గ్యాస్ గోలీలు కొనుక్కున్నరని మెడికల్ షాపాయన చెప్తే ఎరుకైంది. నాకు ఒక్క మాట చెప్పలే. మనవరాలికి పరీక్షలున్నయని ఊకున్నరేమో.”

నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు. ఊరందరినీ చెప్పమన్న మనిషి, తన దాకా వచ్చేసరికి ఎందుకు దాచుకున్నారో నాకు అర్థం కాదు.

“మీకెలా ఉంది ఆంటీ?” అని అడిగాను.

“నాకేమైంది, మంచిగనే ఉన్న.”

నేను కుర్చీ ఆమె దగ్గరికి లాక్కున్నాను. బయట లాలాపేట్ బస్సు ఆగి, మళ్లీ కదిలింది. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది.

“లేదు బిడ్డ. మంచిగ లేను.”

గదిలో చీకటి పడింది. లైటు వెయ్యడానికి మా ఇద్దరిలో ఎవరం లేవలేదు.