పెళ్లికి వెళుతూ ఫిల్టరు కోశాను

ఒకే ఒక్క రంపపు బ్లేడుతో కారు ప్రయాణాన్నీ, బావమరిది పెళ్లినీ, భార్య దగ్గర మిగిలిన కాస్త పరువునూ ఒకే పూటలో కోసి పారేయడం సాధ్యమేనా? సాధ్యమే. స్వయంగా చేసి చూశాను కాబట్టి చెబుతున్నాను. చేతిలో టీ గ్లాసు ఉంటే కింద పెట్టి చదవండి. మధ్యలో పొలమారితే నా పూచీ లేదు.

ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి. తప్పంతా దానిదే. నాది జగదల్‌పూర్ అవతల బచేలి టౌన్‌షిప్. ఇనుపరాయి గనిలో శాంపిళ్ల విభాగంలో పని. గనిలోంచి వచ్చిన రాయి మంచిదో కాదో మేం తేల్చాలి. మేం ఏ రాయినీ మొహం చూసి నమ్మం. పగలగొట్టి, నూరి, జల్లించి, పరీక్ష చేశాకే నమ్ముతాం. ఈ బుద్ధి డ్యూటీ దిగినా నన్ను వదిలేది కాదు. గాటు పెట్టి చూపిస్తే గాని పుచ్చకాయ కొనను. విరిచి చూస్తే గాని సబ్బు వాడను. మా ఆవిడ సరోజది కుంట అనే ఊరి పక్క పల్లె. కాపురానికి వచ్చిన కొత్తలోనే నన్ను కనిపెట్టేసింది.

"పెళ్లిచూపులల్ల నన్ను కోసి చూడలే. అదే పదివేలు" అంది.

అలాంటి నేను ఒక పాత కారు కొన్నాను. అమ్మినవారు మా వీధి చివర ఉండే తివారీ గారు. తాళం చేతికిస్తూ ఆయన, "ఆయిల్, ఫిల్టర్ పోయిన నెలే మార్పించినా. ఫిల్టర్ ఒరిజినల్ హై. టెన్షన్ మత్ లేనా" అని తెలుగూ హిందీ కలిపి భరోసా ఇచ్చారు. మామూలు మనిషైతే సంతోషించి ఊరుకునేవాడు. నాకు మాత్రం, అడగకుండానే ఒరిజినల్ అన్నాడంటే ఏదో ఉందనిపించింది. అనుమానం పెనుభూతం అంటారు కదా, ఆ భూతం నేరుగా వచ్చి నా కారు ముందు సీట్లో కూర్చుంది.

ఆ వారమే కుంటలో సరోజ తమ్ముడి పెళ్లి. సోమవారం పొద్దున్నే ముహూర్తం. ఇంటికి ఒక్కతే ఆడపడుచు. జగదల్‌పూర్‌లో చేయించిన పుస్తెలు మా దగ్గరే ఉన్నాయి. పైగా వాళ్లలో మూడో ముడి ఆడపడుచే వేయాలి. ఆదివారం తెల్లారే బస్సుంది, పోదామని సరోజ అంది. "కారు పెట్టుకుని బస్సేమిటి? మధ్యాహ్నం భోజనం చేసి దర్జాగా వెళదాం" అన్నాను. బస్సు దాని దారిన అది వెళ్లిపోయింది.

బయలుదేరేలోపు ఆ అనుమానపు ఫిల్టరు మార్చేద్దామని నేను బజారుకు వెళ్లాను. పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టని సామెత. నేను పెట్టుకున్నది ఫిల్టరు. అంతే తేడా.

స్పేర్ పార్టుల దుకాణం సేఠ్ కొత్త నూనెతో పాటు బల్ల మీద రెండు ఫిల్టరు డబ్బాలు పెట్టాడు. "యే కంపెనీ వాలా. ఇది బయటి కంపెనీది. దీనికీ వంక పెట్టేది లేదు సాబ్."

"ఇది కంపెనీదే అని ఏమిటి నమ్మకం?"

"డబ్బా మీద రాసుంది కదా."

"నా చొక్కా మీద కలెక్టర్ అని రాసుకుంటే నేను కలెక్టర్‌నైపోతానా?"

సేఠ్ నా చొక్కా వంక, నా వంక చూసి, అయ్యే సూచనలేమీ లేవని తేల్చుకున్నట్టున్నాడు. "దో పీస్ ఉన్నాయి. రెండూ తీసుకుపో సాబ్. ఇంట్లో తీరిగ్గా చూసుకో. నచ్చంది వాపస్ ఇయ్యి" అని దణ్ణం పెట్టాడు.

ఇంటికొచ్చేసరికి మా సెక్షన్ పైడిరాజు వచ్చి ఉన్నాడు. విజయనగరం మనిషి. ఎవరు ఏం విప్పుతున్నా పక్కన నిలబడి సాయం చేసే మంచివాడు. ఇద్దరం కలిసి పాత నూనె తొట్టిలోకి దించాం. తేనెలా కారింది.

"నూనె ఇంత శుభ్రంగా ఉందేటి గురూ?" అన్నాడు పైడిరాజు.

"అదే నా అనుమానం కూడా. మురికిని పట్టాల్సిన నూనె ఇంత శుభ్రంగా ఎందుకుంది?"

ఆ తర్కానికి అతను కూడా తల ఊపాడు. ఒకే సెక్షన్ కదా! పాత ఫిల్టరు విప్పి, దాని మొహమైనా చూడకుండా ఆ తొట్టిలోనే పడేశాను. ఎర్రదుమ్మూ నూనే కలిసి బురదముద్దలా ఉంది.

ఇప్పుడు కంపెనీ ఫిల్టరు చేతిలోకి తీసుకున్నాను. తట్టాను. ఊపాను. వాసన చూశాను. ఏం తేలలేదు.

"లోపలి కాగితం సూడకుండా ఎలా తెలుస్తాది?" అన్నాడు పైడిరాజు.

అతను మాటవరసకు అన్నాడు. నేను రంపపు బ్లేడు తెచ్చాను. కొబ్బరి బోండాం తల కోసినట్టు చుట్టూ కోసి మూత లేపాను. లోపల కాగితం మడతలు పట్టుచీర కుచ్చిళ్లలా ఉన్నాయి. స్ప్రింగు గట్టిగా ఉంది. జిగురు నిండుగా ఉంది.

"అసలు సిసలు ఒరిజినల్!" అని అరిచాను. పైడిరాజు చేయి కలిపాడు. ఇద్దరం ఆనందంగా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాం.

కాసేపయ్యాక అతనే అడిగాడు. "మరిప్పుడు బండికి ఏటి బిగిస్తావు?"

నేను కోసిన ఫిల్టరు వంకా, కారు వంకా చూశాను.

"రెండోది ఉందిగా" అన్నాను, తడబడకుండా. రెండో డబ్బా విప్పాను. బిగించబోయి ఆగాను. ఒరిజినల్‌నే నమ్మని వాణ్ని, బయటిదాన్ని చూడకుండా ఎలా బిగిస్తాను? పరీక్ష చేయని సరుకును పంపకూడదన్నది మా సెక్షన్‌లో మొదటి పాఠం. మీరు నవ్వండి, ఫరవాలేదు. బ్లేడు ఇంకా చేతిలోనే ఉంది, చెయ్యి ఆగలేదు.

అది కూడా బ్రహ్మాండంగా ఉంది.

రెంటికీ చెడ్డ రేవడి అంటే ఎవరో నాకు అప్పుడు తెలిసింది. సేఠ్‌కు ఫోన్ చేశాను. "ఇంకో పీస్ లేదు సాబ్. జగదల్‌పూర్ నుంచి రావాలి, ఆజ్ సండే" అన్నాడు. పోనీ ఇవైనా వాపసు తీసుకుంటావా అని అడిగాను. "కొబ్బరికాయ కొట్టి చిప్పలు వాపస్ ఇస్తానంటే ఎవరు తీసుకుంటారు సాబ్?" అన్నాడు.

సరోజ పుస్తెల డబ్బాతో గుమ్మంలోకి వచ్చింది. "ఏందయ్యా, ఇంకా బండి కిందనే ఉన్నవ్? బయలెల్లేది ఎప్పుడు?"

చెప్పాను. తను సిమెంటు మెట్టు మీద కూర్చుంది.

"రెండూ కోసినవా?"

"ముందు ఒకటి. తర్వాత ఇంకోటి."

"మంచిగున్నయా?"

"చాలా."

అరిచినా బాగుండేది. అరవలేదు. "వాణ్ని ఎత్తుకుని పెంచిన. మూడో ముడి నేనే వెయ్యాలె అని వాడు పుట్టినకాంచి అనుకున్న" అంది, డబ్బా వంక చూస్తూ. నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఇన్ని రాళ్లు పరీక్ష చేసిన వాణ్ని, నా బుర్రను ఒక్కసారైనా పగలగొట్టి చూసుకోలేదే అనిపించింది.

సరోజ లేచింది. తొట్టి దగ్గరకు వెళ్లి పాత ఫిల్టరు పైకి తీసింది. "దీనికేమయింది?"

"అది డూప్లికేట్."

"కోసి చూసినవా?"

"లేదు."

నా పాత బనీనుతో తను దాని మీది ఎర్రబురద తుడిచింది. కింద అక్షరాలు బయటపడ్డాయి. పైడిరాజు కోసిన ఒరిజినల్ డొక్కు తెచ్చి పక్కన పెట్టాడు. అదే పేరు. అదే ముద్ర. అదే రంగు. కవల పిల్లల్లో ఒకడు బతికున్నాడు.

సరిగ్గా అప్పుడే కూరగాయల సంచితో తివారీ గారు అటు వచ్చారు. "అరే, పోయిన నెలే కదా ఫిల్టర్ మార్చింది! ఎందుకు విప్పారు?"

నేను కోసిన డొక్కులను కాలితో కారు కిందికి నెట్టాను. "శాంపిల్ కోసమండి" అన్నాడు పైడిరాజు.

పాత ఫిల్టరే మళ్లీ బిగించి, కొత్త నూనె పోసి బయలుదేరాం. కుంట చేరేదాకా ఇంజను కిక్కురుమనలేదు, సరోజా మాట్లాడలేదు. దారిలో సుక్మా దాటాక ఒక్కసారి నా చూపు అలవాటు కొద్దీ పుస్తెల డబ్బా మీదికి పోయింది. తను దాన్ని కొంగు కిందికి లాక్కుని, "రోడ్డు సూడు" అంది. అదొక్కటే మాట.

మర్నాడు పెళ్లి బాగా జరిగింది. సరోజ మూడో ముడి వేస్తూ కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత తనకు నోరొచ్చింది. పందిట్లో ఉన్న ప్రతి బంధువుకూ నా కథ చెప్పింది. భోజనాల దగ్గర మా మామగారు స్వయంగా వచ్చి నా విస్తట్లో లడ్డూ వేసి, పంక్తి అంతా వినేలా అన్నారు. "అసలు నెయ్యే అల్లుడా. పగలగొట్టి సూడకు."

పందిరి కూలేంత నవ్వు. నేను గంభీరంగా లడ్డూ చేతిలోకి తీసుకుని, అగ్ని ఇంకా పూర్తిగా ఆరని ఆ హోమగుండం సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. "ఇక ఈ జన్మలో దేన్నీ కోయను, విరవను, పగలగొట్టను. పుచ్చకాయతో సహా." మాట మీద నిలబడేవాణ్నని రుజువు చేయడానికి లడ్డూను చిదమకుండా అలాగే నోట్లో పెట్టుకున్నాను.

పొలమారింది. సరోజ నా నెత్తి మీద తట్టి నీళ్ల గ్లాసు అందించింది. ఆ నీళ్లు ఎక్కడివని కూడా అడగకుండా తాగేశాను.