మూడు బస్తాల బానెట్

నా భార్య నా కారెక్కడం మానేసి అప్పటికి రెండేళ్ళు. తప్పు ఆమెది కాదు. నాది కూడా కాదని చాలాకాలం వాదించాను. తప్పంతా బానెట్‌దే.

నెత్తి మీద వెంట్రుకలు పలచబడుతున్న రోజుల్లో నేను రెండే సీట్ల పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు ఒకటి కొన్నాను. హనుమకొండలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాడికి ఆ కారెందుకని అడగనివాళ్ళు లేరు. ఎదురుగాలి కొడుతుంటే, పక్కన ఆమె కొంగు పట్టుకుని కూర్చుంటే, నేను చాలా బాగుంటానని నాకు గట్టి నమ్మకం. అద్దంలో చూసుకునేదాకా ఆ నమ్మకం చెక్కుచెదరదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వస్తుంటే చౌరస్తా దగ్గర బానెట్ గొళ్ళెం ఊడింది. బానెట్ లేచి ముందు అద్దానికి అడ్డంగా నిలబడింది. నాకేమీ కనిపించలేదు. మేం మాత్రం ఊరందరికీ కనిపించాం. పక్కన ఆగిన బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "సారూ, జర దాని నోరు ముయ్యరాదు!" అని అరిచాడు. బస్సు బస్సంతా నవ్వింది. ఆమె పట్టుచీర కుచ్చెళ్ళు సర్దుకుని దిగి, ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

ఇంటికి చేరాక ఒకటే మాట అంది. "ఆ బానెట్ సక్కగ మూసుకునేదాక నేను దాంట్ల కూసోను."

బానెట్ వంగిపోయింది. కారు మా ఇంటి షట్టర్ గదిలోకి చేరింది. నా స్కూటర్ ఎక్కడానికి ఆమె మోకాలు ఒప్పుకోదు. అందుకని ఆదివారాలు ఆమె ఆటోలో చర్చికి వెళ్ళేది, నేను స్కూటర్ మీద ఆ ఆటో పొగ పీలుస్తూ వెనకాల వెళ్ళేవాణ్ణి. కారు లేకపోయినా బతకగలను. ఆమె పక్కన లేని ఆ దారి మాత్రం నాకు చాలా బెంగగా ఉండేది.

ఎట్టకేలకు హైదరాబాదులో పాత సామాన్ల దుకాణంలో ఒక బానెట్ దొరికింది. అదే కంపెనీది, కానీ తర్వాత వచ్చిన మోడల్‌ది. మా బండికన్నా మూడు వేళ్ళు వెడల్పు. మధ్యలో ఎత్తుగా ఒక ఉబ్బు. కింద పెద్ద ఇంజిన్ ఉన్న కార్లకు అలా పెడతారట. నా ఇంజిన్ చిన్నదే. కానీ ఆ సంగతి చూసేవాళ్ళకేం తెలుస్తుంది? ఆ ఉబ్బు చూడగానే మనసు పారేసుకున్నాను.

మా బామ్మర్దికి మడికొండ దారిలో డెంటింగ్ షెడ్డు ఉంది. గుద్దుకున్న ఆటోలకు, ట్రాలీలకు సొట్టలు తీస్తాడు. స్పోర్ట్స్ కారు అనగానే వాడికి నాకన్నా పిచ్చెక్కింది. వెల్డింగు సామానంతా మా షట్టర్ గదికే మోసుకొచ్చాడు.

"బావా, బానెట్ కోద్దమా, బండి కోద్దమా?" అన్నాడు.

"బానెట్ జోలికి పోకు. బండే కొయ్యి," అన్నాను.

వాకిట్లో నిలబడి ఇదంతా విన్న నా భార్య, "రైక పట్టకపోతె చేతులు కోసుకుంటరా ఎవలన్న?" అని లోపలికి పోయింది. మేమిద్దరం ఆడవాళ్ళకు ఇంజనీరింగు తెలియదని తీర్మానించుకున్నాం.

టీవీ వచ్చిన అట్టపెట్టెను కత్తిరించి కొలతలు తీశాం. ముందు మడ్‌గార్డుల అంచులు గ్రైండర్‌తో కోసి, బయటికి జరిపి, నడుమ రేకు ముక్కలు పెట్టి వెల్డింగు చేశాం. బానెట్ దించి చూడటం, తగిలిన చోట సుత్తితో కొట్టడం, మళ్ళీ దించి చూడటం. సెలవులన్నీ ఇలాగే గడిచాయి. చివరికి రెండు పక్కలా సందు సమానంగా వచ్చింది. బానెట్ వదిలితే చాలు, గొళ్ళెం టక్కుమని పడేది. ఆ చప్పుడు కోసం నేను ఊరికే తెరిచి మూసేవాణ్ణి.

రంగు కూడా వేశాక ఆమెను పిలిచి చూపించాను. తనే రెండుసార్లు మూసి చూసింది.

"సరె. రేపు చర్చికి వస్త," అంది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా ఇంట్లో కొత్త బియ్యం వండరు. బస్తాలు తెచ్చి, పాతబడేదాకా దాచి, అప్పుడు తింటాం. షట్టర్ గదిలో నేల చెమ్మ. కారు ఊరికే పడి ఉందని ఆమె ఎప్పుడో పాతిక కిలోల బస్తాలు మూడు దాని ఎడమ సీట్లో, కాళ్ళ దగ్గర సర్ది, మీద జంపఖానా కప్పింది. పని జరిగినన్ని రోజులూ అవి అక్కడే ఉన్నాయి. వెల్డింగు నిప్పురవ్వలు పడకుండా మేమే జంపఖానా సర్దేవాళ్ళం కూడా. రోజూ చూసీ చూసీ అవి కారులో భాగమైపోయాయి.

ఆమె వస్తానంది కదా అని ఆ సాయంత్రం బస్తాలు దించి సీటు తుడిచాను. తర్వాత, ఆ చప్పుడు ఇంకోసారి వినాలనిపించి బానెట్ మూశాను. టక్కుమనలేదు. ఎడమ పక్క వేలెడు పైకి లేచింది. గట్టిగా అదిమినా గొళ్ళెం అందలేదు.

బామ్మర్ది పరుగెత్తుకొచ్చాడు. రంగు మందమైందని వాడు, ఎండకు రేకు సాగిందని నేను. వేడికి లోహాలు ఎలా వ్యాకోచిస్తాయో వాడికి ఒక పాఠం కూడా చెప్పాను. వాడు విసుగొచ్చి ఎడమ సీట్లో కూలబడ్డాడు. సరిగ్గా అప్పుడే నేను కోపంతో బానెట్ మీద ఒక్కటి వేశాను. టక్! పడింది. వాడు సంబరంతో లేచి దూకాడు. గొళ్ళెం ఊడి బానెట్ మళ్ళీ లేచింది.

ఇద్దరం గోడవారగా ఉన్న బస్తాల వైపు చూశాం.

అసలే తుప్పు తిన్న బండి. దాన్ని అడ్డదిడ్డంగా కోశాం. బస్తాల బరువుకు ఒక పక్కకు ఒరిగి ఉన్నదానికి కొలతలు తీసి అతికించాం. బరువు తీస్తే అది లేచి కూర్చుంది. ఇన్నేళ్ళుగా పిల్లలకు గరిమనాభి గురించి చెబుతున్నది నేనే.

"అక్కకు నువ్వే చెప్పు బావా. నాకు షెడ్డుల పనున్నది," అని బామ్మర్ది మాయమయ్యాడు.

వంటింటి గడపలో నిలబడి చెప్పాను. ఎడమ సీట్లో బరువుంటేనే బానెట్ పడుతుందని, బస్తాలంత బరువుండాలని. చెప్పాక గానీ ఏమన్నానో అర్థం కాలేదు.

"అంటె నేను మూడు బస్తాలున్ననా?"

నోరు మూసుకున్నాను. ఆ ఇంట్లో ఆ పూట సక్రమంగా మూసుకున్నది అదొక్కటే.

తెల్లారి నేను స్కూటర్ తుడుస్తున్నాను. ఆమె పట్టుచీర కట్టుకుని వచ్చి, కారు తలుపు తీసి, ఎడమ సీట్లో కూర్చుంది. కొంగు ఒళ్ళో పెట్టుకుంది.

"సూస్తాన్నరేంది? ముయ్యుండ్రి," అంది.

మూశాను. టక్కుమంది. ఆమె కిందికి చూస్తూ నవ్వు ఆపుకుంది.

చౌరస్తా దాటుతుంటే నాకు పట్టలేనంత సంతోషం. ఎంత సేపూ రోడ్డు వైపే చూశాను, లేకపోతే ఆమె కనిపెట్టేసేది. చర్చి దగ్గర ఆమె దిగగానే బానెట్ నోరు తెరిచింది. ఆ ఉబ్బు కింద ఎంత చిన్న ఇంజిన్ ఉందో వచ్చినవాళ్ళంతా చూశారు. చూసుకోనిమ్మన్నాను.

ఒక్క రోజు పని బావా, సరిచేస్తానని బామ్మర్ది వచ్చినప్పుడల్లా అంటాడు. వచ్చే వారం చూద్దామని నేనంటాను.

మొన్న కొత్త బియ్యం దిగాయి. బస్తాలు మోసుకొచ్చినతను అలవాటు కొద్దీ షట్టర్ గదిలోకి నడిచి, కారు తలుపు మీద చెయ్యి వేశాడు. ఆమె వంటింట్లోంచే కేకేసింది.

"ఇటు తే అన్నా, ఈ బల్ల మీద పెట్టు. ఆ సీటు నాది."